నాలో నీరెంత, నేనెంత

ఆ పట్టీ గురించి పేపర్లో రాసినవాళ్ళు నన్ను ఒక్క మాట అడగలేదు. ఇప్పటివరకూ ఎవరూ అడగలేదు. జిల్లా పేజీలో ఫోటో వేశారు. ఆ ఫోటోలో ఉన్న కాలు నాది. మోకాలి కింద, పిక్క చుట్టూ నల్లటి పట్టీ, దాని మీద అగ్గిపెట్టె అంత డబ్బా. పాదం వైపు చూస్తే బొటనవేలి గోరు నల్లగా కమిలి ఉంటుంది. ధాన్యం బస్తా పడి కమిలిన గోరు అది. మా బజారులో ఎవరికి చూపించినా నా కాలని చెప్పేస్తారు. ఆ కాలు చుట్టూ నిలబడి నవ్వుతున్నవాళ్ళ పేర్లన్నీ ఎడమ నుంచి కుడికి వరసగా వేశారు. నా కాలు సరిగ్గా వాళ్ళ మధ్యలోనే ఉంది. అయినా ఎటు నుంచి చదివినా నా పేరు రాదు. కనీసం 'రోగి' అని కూడా రాయలేదు. ఆ కాలు ఎక్కడి నుంచో దొర్లుకుంటూ వచ్చి ఫోటోలో పడ్డట్టు ఉంది.

ఆ పేపరు ఆఫీసుకు వెళ్ళి అడిగాను. అక్కడున్న విలేకరి ఒకసారి ఫోటో చూశాడు, ఒకసారి వంగి నా కాలు చూశాడు. "పోలిక ఉందండి" అన్నాడు. నా కాలికీ నా కాలికీ పోలిక ఉందట.

పేరు వేయలేదన్న కోపంతో ఇది రాయడం లేదు. కోపం ఉంది, కాని రాస్తున్నది అందుకు కాదు. ఆ పట్టీ నా ఒంట్లో నీరెంత ఉందో కొలిచింది. కొలిచిన లెక్క పట్టుకుని వాళ్ళు వెళ్ళిపోయారు. నా ఒంట్లో నీళ్ళ సంగతి నాకు తప్ప ఇంకెవరికైనా తెలిసి ఉండవచ్చు. నాకు మాత్రం చెప్పలేదు.

నేను ఆమదాలవలసలో ఒక ధాన్యం వ్యాపారి దగ్గర గుమస్తాగా పనిచేశాను. మా దగ్గర బస్తా కాటా మీదికి ఎక్కించే ముందు తేమ చూస్తాం. రైతు తెచ్చిన ధాన్యంలోంచి పిడికెడు తీసి మీటర్లో పోస్తే అందులో తడి ఎంతో తెలుస్తుంది. తడి ఎక్కువుంటే బరువులో కోత పెడతాం. నీళ్ళను ధాన్యం పేరుతో ఎవరూ కొనరు కదా. ఏ రైతూ దీనికి ఒప్పుకునేవాడు కాదు. తడి కాదు బాబూ, గింజే అంత బరువు అని ప్రతివాడూ అనేవాడు. మీటరు ఎంత చూపిస్తే అంత కోసేవాణ్ణి. ఆ మీటరు మంచిది. ఇప్పుడడిగినా అదే చెప్తాను.

నా కిడ్నీలు పాడయ్యాయని తెలిసింది పెద్ద నోట్లు రద్దయిన శీతాకాలంలో. బ్యాంకు ముందు వరసలో నిలబడి నిలబడి కాళ్ళు వాచాయనుకున్నాను. ఆ రోజుల్లో వరసలో ఉన్న అందరి కాళ్ళూ వాచాయి. మిగతావాళ్ళవి ఇంటికి వెళ్ళి పడుకుంటే తగ్గాయి. నావి తగ్గలేదు. శ్రీకాకుళంలో పరీక్షలు చేసి, ఇక వారానికి మూడు పూటలు డయాలసిస్ మిషను మీద పడుకోవాల్సిందేనని చెప్పారు. ఆ చెప్పినాయన నాకు చెప్పలేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టుకుని, నా తల మీదుగా మా ఆవిడకు చెప్పాడు. అదీ గుర్తుంది.

డయాలసిస్ చేయించుకునే వాళ్ళలో చాలామందికి మూత్రం రాదు. తాగిన నీళ్ళు, మజ్జిగ, చారు, చివరికి అన్నంలో ఉండే తడి కూడా ఒంట్లోనే నిలిచిపోతుంది. మిషను ఆ నీటిని లాగేస్తుంది. ఎంత లాగాలో తెలియడానికి ప్రతి రోగికీ ఒక బరువు రాసి పెడతారు. అదనపు నీరేమీ లేకుండా మనిషి ఎంత తూగాలో అంత. ఇంగ్లీషులో డ్రై వెయిట్. మా వార్డులో అందరం ఎండు బరువు అనేవాళ్ళం. వచ్చిన వెంటనే కాటా ఎక్కిస్తారు. ఎండు బరువుకు మించి ఎంత తూగితే అంతా నీరే అని లెక్క. అంతా లాగేస్తారు.

నా ఎండు బరువు యాభై నాలుగు కిలోలని నిర్ణయించారు. ఏ రోజుల్లో నిర్ణయించారు? అన్నం వాసన తగిలితే వాంతి వచ్చే రోజుల్లో. నోట్లో ఇనప రుచి, కళ్ళు లోపలికి పోయి, చొక్కా హ్యాంగరుకు తగిలించినట్టు భుజాలకు వేలాడే రోజుల్లో. పస్తుల మీద ఉన్న మనిషిని తూచి, ఇదీ నీ అసలు బరువు అన్నారు. సరే, అప్పటికి అది నిజమే కావచ్చు. కాని కొన్ని నెలలు మిషను మీద పడుకున్నాక ఒంట్లో విషం తగ్గి నాలుకకు రుచి తిరిగి వచ్చింది. మా ఆవిడది కొత్తవలస. కొత్తవలసవాళ్ళ చేతి చేపల వేపుడు గురించి నేను చెప్పకూడదు, మా అత్తవారికి గర్వం పెరుగుతుంది. నాకు ఆకలి వేయడం మొదలైంది. దవడలు నిండాయి. చేతి మీద పోయిన కండ మళ్ళీ కనిపించింది. నన్ను చూసినవాళ్ళు ఒళ్ళు చేశావన్నారు. వార్డులో మాత్రం నీళ్ళు తాగావన్నారు.

"బాబాయ్, ఎక్కువ తాగీసినారు" అనేవాడు టెక్నీషియను కాటా చూసి.

"తాగలేదు నాయనా."

"తాగకపోతే ఈ బరువెక్కడిదేటి? గాలా?"

"తిన్నాను. తిండి బరువు."

"అందరూ అలగే సెప్తారు" అని మిషను మీట నొక్కేవాడు.

అతను చెడ్డవాడు కాదు. వార్డులో చాలామంది నిజంగానే తాగి వచ్చేవాళ్ళు. మండువేసవిలో తాగకుండా ఉండటం ఎవరి తరం? తాగినవాళ్ళందరూ తాగలేదనే చెప్తారు కాబట్టి, తాగనివాడు వేరే ఏ మాట చెప్పాలో నాకు తెలియలేదు. నేను రెండు పూటల మధ్య తెచ్చుకున్న నీళ్ళతో పాటు నేను తిని పెంచుకున్న కండను కూడా నీళ్ళ కింద జమకట్టి లాగేవాళ్ళు. చివరి గంటలో పిక్కలు పట్టేసేవి. లోపల ఎవరో తాడు పేనుతున్నట్టు ఉండేది. కళ్ళ ముందు చీకటి, చెవుల్లో హోరు. కాళ్ళు పైకెత్తి, సెలైను ఎక్కించి, అంటే లాగిన నీళ్ళు మళ్ళీ కొన్ని నాకే పోసి, ఇంటికి పంపేవాళ్ళు. ఒకసారి శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సులో ఆమదాలవలస బస్సు ఎక్కబోతూ మెట్టు మీదే కూలిపోయాను. కండక్టరు నన్ను తాగుబోతు అనుకున్నాడు. అక్కడా తాగావనే అన్నారు.

విశాఖపట్నం నుంచి వారానికొకసారి వచ్చే పెద్ద డాక్టరుకు చెప్పుకున్నాను. ఆయన నా కాలి ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. నీరుంటే గుంట పడుతుంది. పడలేదు.

"చూశారా, గుంట లేదు" అన్నాను.

"కొందరికి పైకి కనబడదు. లోపల ఉంటుంది. చూద్దాం" అన్నాడు, పక్క మంచం వైపు జరుగుతూ.

ఆ 'చూద్దాం' చాలా వారాలు నడిచింది. ఆయన వెనకే వచ్చిన నర్సు మా ఆవిడను పట్టుకుని వార్డంతా వినేలా అంది: "అమ్మా, పేమ కొద్దీ నీళ్ళిచ్చీసి ఆయన్ని సంపీకండి."

మా ఆవిడ వరండాలోకి వెళ్ళి కూర్చుంది. ఆ రోజు నుంచి ఇంట్లో నా కంచం మారిపోయింది. బరువు పెరిగితే ఎక్కువ లాగుతారు, ఎక్కువ లాగితే నేను పడిపోతాను. అందుకని బరువే పెరగకూడదు. అన్నం సగానికి తగ్గించింది. చేపల రోజు మాయమైంది. ఆకలి లేని రోజుల్లో ఒక్క ముద్ద తినమని నా చుట్టూ తిరిగిన మనిషి, ఆకలి వచ్చాక కంచం ముందు కాపలా కూర్చుంది. నేను యాభై నాలుగులో పట్టాలి. పట్టకపోతే నన్నే కుదించాలి.

నా పక్క మంచం మీద ఒక రైతు ఉండేవాడు. నాగావళి కాలువ కింద పొలం, తాతల నాటి నుంచి వరి. అతని ధాన్యం నేనే తూచేవాణ్ణి. వరస కలుపుకుని నేను మావా అనేవాణ్ణి, అతను అల్లుడా అనేవాడు. ఆ వరస బజారులో కొట్లాడుకోవడానికి పనికొచ్చేది, వార్డులో ఇంకా బాగా పనికొచ్చింది.

"ఏటల్లుడా, ఈయేల ఎంత కోత పెట్టినారు నీకు?" అనేవాడు నా కాలు పట్టేసినప్పుడు.

"నోర్ముయ్యి మావా."

"తడి కాదురా, గింజే అంత బరువురా అంటే నువ్విన్నావేటి? మీటరు సెప్తన్నాది అన్నావు. ఇప్పుడు సెప్పు, తిండి బరువట!"

"నీ ధాన్యం తడిదే. ఇప్పటికీ తడిదే."

"పోనీ మాకు మీటరైనా పెట్టినావు. నీకు మీటరు కూడా లేదు గదరా. వొట్టి కాటా ఒకటే ఉన్నాది. మాకంటే అన్యాయం అయిపోనావు" అని మిషనుకు తగిలించిన చెయ్యి కదలకుండా కడుపుతో నవ్వేవాడు.

ఎగతాళికే అన్నాడు గాని, ఆ మాట నన్ను పట్టుకుంది. పిడికెడు వడ్లలో తడి ఎంతో చెప్పే సాధనం ఆమదాలవలస బజారులో ప్రతి కొట్లోనూ ఉంది. మనిషిలో తడి ఎంతో చెప్పేది జిల్లా కేంద్రంలో లేదు.

అలాంటి రోజుల్లో వచ్చారు పట్టీవాళ్ళు. విశాఖపట్నం శివార్లలోని ఒక ఇంజనీరింగు కాలేజీ నుంచి. ఒక ప్రొఫెసరు, ఆయన కింద పనిచేసే ఇంజనీరమ్మాయి. ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. పట్టీ పిక్కకు కట్టుకోవాలి. అది మనకు తెలియనంత సన్నని కరెంటును కాల్లోకి పంపుతుంది. ఒంట్లో నీరు ఎక్కువుంటే కరెంటు తేలిగ్గా పోతుంది, తక్కువుంటే అడ్డు తగులుతుంది. దాన్నిబట్టి ఇంట్లో ఉన్నా, బజారులో ఉన్నా ఒంట్లో నీరు ఎప్పుడు ఎంత పెరిగిందో, మిషను మీద ఎంత తగ్గిందో డబ్బా గుర్తు పెట్టుకుంటుంది. ఇంకా పరీక్షిస్తున్నారు, కట్టుకోవడానికి మనుషులు కావాలి.

తేమ మీటరు పనిచేసేదీ ఇంచుమించు ఇలాగే. ఆ అమ్మాయి మాట పూర్తికాకుండానే నేను పంచె పైకి లాగి కాలు చాపాను.

"కరెంటా? ఓలమ్మో!" అన్నాడు మావ. "పొలంలో మోటారు కొట్టే షాకుకే సావలేదు, ఆస్పత్రికొచ్చి కొట్టించుకోమంటావేటి? నాను కట్టుకోను."

"నీకెందుకు మావా, నీలో ఉన్నదంతా నీరే అని అందరికీ తెలుసు" అన్నాను.

పట్టీ కట్టి, జాగ్రత్తలు మా ఆవిడకు చెప్పింది అమ్మాయి. స్నానానికి ముందు తీసేయాలి. కాలు బాగా ఆరాక మళ్ళీ కట్టాలి. "పట్టీ కింద క్రీములు, లోషన్లు ఏవీ రాయకండి ఆంటీ."

మా ఆవిడ చాలా రోజుల తర్వాత నవ్వింది. "క్రీములా? మా పెళ్ళినాడు కూడా పౌడరు తప్ప ఏటీ రాసుకోలేదమ్మా."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కిడ్నీ పోయినవాడి చర్మం ఎండిన చేను లాగా ఉంటుంది. దురద. గోకితే తగ్గదు, గోకకపోతే ఉండలేము. దానికి మా ఆవిడ రోజూ స్నానం అయ్యాక ఒళ్ళంతా ఆముదం మర్దనా చేసేది. అది ఆమెకు మందు కాదు, సింగారం కాదు. ముఖం కడుక్కోవడం లాంటిది. పట్టీ వచ్చినా ఆ పని ఆగలేదు. తుడిచేది, ఆరబెట్టేది, ఆముదం రాసేది, ఆ పైన జాగ్రత్తగా పట్టీ కట్టేది. తడి తగలకుండా చూడమన్నారు, తగలనివ్వలేదు. క్రీము రాయవద్దన్నారు, రాయలేదు.

వారం తిరిగాక అమ్మాయి వచ్చి తన ఫోనును డబ్బా దగ్గర పెట్టింది. తెర మీద గీతలు వచ్చాయి. ఆ అమ్మాయి కనుబొమలు పైకి లేచాయి.

"అంకుల్, మిషను ఎక్కక ముందు కూడా మీలో నీరు తక్కువగానే చూపిస్తోంది. అస్సలు ఎక్కువ లేదు."

"గట్టిగా చెప్పమ్మా" అన్నాను.

మళ్ళీ చెప్పింది. టెక్నీషియను విన్నాడు. నర్సు విన్నది. వరండాలోంచి మా ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను మావ వైపు చూశాను. అతను దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. అదృష్టం కొద్దీ అది పెద్ద డాక్టరు వచ్చే రోజు. ఆయన్ని పిలవమన్నాను. వచ్చాడు. గీతలు చూశాడు. తర్వాత, అన్ని నెలల్లో మొదటిసారి, నా ముఖం చూశాడు.

"అయితే ఎండు బరువు కొంచెం పెంచి చూడాలేమో" అంటూ జేబులోంచి పెన్ను తీశాడు.

ఆ పెన్ను కాగితానికి తగలలేదు. తగలడానికి బెత్తెడు దూరంలో ఉండగా, అమ్మాయి పట్టీ సరిచేద్దామని వంగింది. ముట్టుకోగానే అది జర్రున జారి వదులు గాజులాగా చీలమండ మీద పడింది. అమ్మాయి వేళ్ళు చూసుకుంది. వాసన చూసింది.

"ఏంటిది అంకుల్?"

"ఆముదం."

"క్రీములు రాయొద్దని చెప్పాను కదా!"

గుమ్మంలోంచి మా ఆవిడ అంది: "క్రీము కాదమ్మా, ఆముదం."

"నూనె కూడా అంతే ఆంటీ! అది మధ్యలో అడ్డుంటే కరెంటు లోపలికి పోదు. కరెంటు పోకపోతే ఒంట్లో నీరు లేదనుకుంటుంది ఇది. ఈ వారం లెక్కంతా పనికిరాదు."

డాక్టరు పెన్నుకు మూత పెట్టాడు. టెక్నీషియను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఆమదాలవలసోలు కదా, ఆముదం కాకపోతే మరేటి రాస్తారు!" అన్నాడు. వార్డంతా నవ్వింది. దుప్పటి కింద నుంచి మావ ఎంత నవ్వాడంటే, చెయ్యి కదిలి అతని మిషను కుయ్యోమని అలారం కొట్టింది. డాక్టరు కూడా నవ్వాడు. నవ్వనివాళ్ళు ఇద్దరమే. ఒకరు ఆముదం రాసినవాళ్ళు, ఒకరు రాయించుకున్నవాళ్ళు.

ఆముదాన్ని క్రీము అంటారని మా ఆవిడకు ఎవరు చెప్పాలి? లోషన్ అంటే మందుల షాపులో సీసాలో వస్తుందనుకుంది ఆమె. శ్రీకాకుళం జిల్లాలో మనుషుల కాళ్ళకు కట్టే వస్తువు తయారు చేసేటప్పుడు, ఆ కాళ్ళకు ఇక్కడివాళ్ళు ఏం రాసుకుంటారో ఒకసారి కనుక్కుంటే పోయేదేముంది? ఈ మాట ప్రొఫెసరుతో అన్నాను. "మంచి సూచన" అన్నాడు. సూచన కాదు, ఫిర్యాదు అన్నాను. నవ్వాడు. ఆ నవ్వూ లెక్కలో ఉంది.

అంతటితో వదలలేదు. నా కాలికి పట్టీ మళ్ళీ కట్టేదాకా మిషను ఎక్కనని మంచం పక్కన బల్ల మీద కూర్చున్నాను. టెక్నీషియను బతిమాలాడు, నర్సు కోప్పడింది. చివరికి డాక్టరే, "కట్టండమ్మా, ఈయన వదలడు" అన్నాడు. అది ఆయన నా గురించి అన్న ఒకే ఒక్క నిజం. ఈసారి రెండో కాలు. స్పిరిటుతో తుడిచి, సబ్బుతో కడిగి, ఆరబెట్టి కట్టారు.

ఆ వారం ఎలా గడిచిందో చెప్పను. కొంచెం చెప్తాను. ఒళ్ళంతా ఆముదం రాసి ఆ ఒక్క కాలును మాత్రం వదిలేసేది మా ఆవిడ. దాంతో ఒంట్లో ఉన్న దురదంతా ఆ కాల్లోకే వచ్చి చేరింది. తడిబట్ట కూడా వేయనివ్వలేదు నేను. తడి పడితే నీళ్ళెక్కువ చూపిస్తుందేమోనని భయం. నేను ద్వారబంధం పట్టుకుని నిలబడేవాణ్ణి, ఆమె కింద కూర్చుని విసనకర్రతో నా పిక్కకు విసిరేది. కాలికి విసనకర్ర విసిరించుకునే వైభవం మా వంశంలో ఎవరికీ దక్కలేదు. ఇంకొకటి కూడా చేసింది. పట్టీ కట్టిన మర్నాడు కంచం నిండా అన్నం పెట్టి, పక్కన చేప ముక్క వేసింది.

"ఇదేమిటి?" అన్నాను.

"తినండి. ఏటైతే అదవుతాది. మీరు కడుపునిండా తిన్నప్పుడు కదా అసలు లెక్క తెలాల. పస్తుంచి కొలిపిస్తే మళ్ళీ అదే యాభై నాలుగు వస్తాది."

ఇంతకన్నా మంచి మాట ఆ వార్డులో ఎవరి నోటా రాలేదు. తిన్నాను. నీళ్ళు మాత్రం నాలుక తడుపుకోవడానికే.

పట్టీ తీసే రోజు పండగలా ఉంది. కలెక్టరాఫీసు నుంచి ఎవరో వచ్చారు, బొకేలు వచ్చాయి, పేపరువాళ్ళు వచ్చారు. ఆ ఫోటో అప్పటిదే. అందరూ నా కాలు చుట్టూ చేరారు. కొంచెం పక్కకు జరగమని ఫోటోగ్రాఫరు నాతో అంటే, కాలు చూపించడానికేమో అనుకున్నాను. ముఖం అడ్డొస్తోందని తర్వాత అర్థమైంది. ఫోటోలయ్యాక అమ్మాయి ఫోను డబ్బా దగ్గర పెట్టింది. గీతలు వచ్చాయి.

"ఈసారి బాగా వచ్చింది అంకుల్" అంది.

"బాగా అంటే? నీరు ఉన్నట్టా, లేనట్టా?"

ఆ అమ్మాయి నోరు తెరిచింది. పక్కనుంచి ప్రొఫెసరు, "విడివిడిగా ఎవరి ఫలితాలూ వాళ్ళకు చెప్పకూడదండీ, ఇంకా పరీక్ష దశలో ఉంది. డాక్టరుగారికి పంపిస్తాం" అన్నాడు. ఆముదం రాసిన లెక్క వార్డంతా వినేలా చెప్పారు. శుభ్రమైన లెక్క రహస్యం అయింది.

డాక్టరును అడిగితే రాలేదన్నాడు. మరుసటి వారం అడిగితే ఇంకా రాలేదన్నాడు. ఎండాకాలం దాటాక ఆయన రావడం మానేశాడు. కొత్తాయన వచ్చాడు. "ఏ పట్టీ?" అన్నాడు. పేపరు ముక్క చూపించాను. ఫోటోలో తనకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమోనని వరసగా చూశాడు. కాలు చూడలేదు. ఎండు బరువు యాభై నాలుగే ఉంది. చివరి గంటలో పిక్కలు పట్టేస్తూనే ఉన్నాయి. మా ఆవిడ మళ్ళీ సగం కంచానికి వచ్చింది.

నేనే బయలుదేరాను. మిషను లేని రోజు చూసుకుని పాసింజరు రైలెక్కి కొత్తవలసలో దిగితే, మా బావమరిది మోటారు సైకిలు మీద ఆ కాలేజీకి తీసుకెళ్ళాడు. దారంతా, "బావా, మీరు కొట్లాడకండి, నాను మాటాడతాను" అంటూనే ఉన్నాడు. గేటు దగ్గర వాచ్‌మన్‌తో మొదటి కొట్లాట వాడిదే. లోపల ప్రొఫెసరు లేడు. అమ్మాయి వేరే ఉద్యోగానికి వెళ్ళిందట. కంప్యూటరు ముందు ఒకతను ఉన్నాడు, మర్యాదగానే మాట్లాడాడు. లెక్కలన్నీ భద్రంగా ఉన్నాయన్నాడు.

"అయితే నాది చూపించు."

"అదే కుదరదండి. మీ గోప్యత కోసం పేర్లన్నీ తీసేశాం. ఏ కాలు ఎవరిదో ఇప్పుడు మాకు కూడా తెలియదు."

నా నుంచి నన్ను కాపాడారన్నమాట. ఫోటోలో పేరు వేయలేదు, కంప్యూటరులో ఉన్న పేరు తీసేశారు. కాని నేను ధాన్యం బజారులో పనిచేసినవాణ్ణి. గుర్తులేని బస్తాను గుర్తుపట్టడం మాకు మామూలే. "చూడు బాబూ, మిగతా అందరూ ఒక్క కాలికే కట్టుకున్నారు. రెండు కాళ్ళకూ, ఒకదాని తర్వాత ఒకటి, కట్టించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక వారం లెక్క కరువొచ్చిన ఏడాదిలా ఉంటుంది, అది ఆముదం. దాని వెనక వచ్చేదే నాది" అన్నాను.

అతను తల గోక్కున్నాడు. "పాయింటేనండి. సారుకు మెయిల్ పెట్టండి" అన్నాడు.

మా బజారులోని ఇంటర్నెట్ షాపులో కూర్చుని పెట్టించాను. జవాబు లేదు. మళ్ళీ పెట్టించాను. షాపువాడికి ఆ మెయిలు నోటికి వచ్చేసింది. నేను గుమ్మంలో కనబడగానే, 'అయ్యా, రెండు కాళ్ళవాణ్ణి నేను' అని మొదలుపెట్టేస్తున్నాడు.

ఈ సంగతి వార్డులో చెప్పుకుంటే మావ అన్నాడు: "అల్లుడా, తేమ కోత అన్యాయమని నాను నిన్ను ఎన్నేళ్ళు అడిగినాను? నువ్వు ఏటి సేసినావు?"

"జవాబు చెప్పాను. నువ్వు అడిగిన ప్రతిసారీ చెప్పాను. నీ ధాన్యం తడిదని నీ ముఖం మీదే చెప్పాను."

మావ కొంచెం ఆలోచించాడు. "అది నిజమే. సెప్పీసేవోడివి" అన్నాడు. తర్వాత మెల్లగా, "నువ్వు కడుపుకు తింతన్నావా మరి?" అన్నాడు. 

ఇప్పుడు మా ఇంట్లో మధ్యాహ్నం జరిగేది ఇది. మా ఆవిడ కంచం పెడుతుంది. గరిటె అన్నంలో పెట్టి ఆగుతుంది. "కాలేజీవోలు ఏటైనా రాసినారా?" అని అడుగుతుంది. లేదంటాను. సగం వడ్డించి గిన్నె మీద మూత పెడుతుంది. ఆకలవుతోందని నేను అనను. అంటే పెట్టేస్తుంది. పెడితే మర్నాడు మిషను మీద నా కాళ్ళు పట్టుకుని కూర్చోవలసింది ఆమే.

నాకు బొకే వద్దు. ఫోటోలో పేరు ఇప్పుడు వేసినా తీసుకోను. పట్టీ మంచిదా కాదా అన్న తగువు మీరు మీరు తేల్చుకోండి. ప్రొఫెసరు గారూ, ఆ కంప్యూటరు మీ దగ్గరే ఉంది. నా రెండో కాలి లెక్క అందులోనే ఉంది. ఎలా వెతకాలో కూడా నేనే చెప్పాను. డాక్టరు గారూ, పాతాయనైనా సరే, కొత్తాయనైనా సరే, ఆ లెక్క మీరు అడిగితే ఇస్తారు. నీరే అని తేలితే నీరే అని నా ముఖం మీద చెప్పండి, నోరు మూసుకుని యాభై నాలుగులో పడుంటాను. కండ అని తేలితే ఆ అంకె కొట్టేయండి. ఏదో ఒకటి చెప్పండి. మా ఆవిడ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. నాకు ఎంత వడ్డించమంటారు?